మునిగిన ఊరి పేరు

మా పల్నాటి పల్లెల్లో వానాకాలం వచ్చిందంటే అందరి నోటా ఒకటే ప్రశ్న: "సాగర్ నీళ్లు వదిలారా?" నాగార్జునసాగర్ కుడి కాలువ పారితేనే మిరపతోటకు తడి. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 11 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఆ కాలువ మీదే ఆధారపడింది. ఆ నీళ్లు నిలిచే చోటు చూడాలనే మొదటిసారి మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్లాను.

చిన్న ఊరు. ఆనకట్ట పనివాళ్ల కోసం వెలిసిన కాలనీ. ఆ ఆనకట్టకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఊరి పేరు మాత్రం కొత్తది కాదు. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి ఇప్పుడు జలాశయం అడుగునే ఉంది. రాజు చాంతమూలుడు అశ్వమేధం చేస్తే, సోదరి చాంతిసిరి బౌద్ధులకు మహాచైత్యం కట్టించింది. ఒకే ఇంట రెండు దారులు ఇముడ్చుకున్న ఊరది.

నీళ్లు కమ్మేలోపు, 1954 నుంచి ఆరేళ్లపాటు లోయంతా తవ్వారు. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి నాగార్జునకొండ మీదికి, ఒడ్డునున్న అనుపుకు తరలించారు. ఆ కొండ ఇప్పుడొక దీవి; రేవులో లాంచీ ఎక్కి వెళ్లాలి. అక్కడి మ్యూజియంలో శిల్పాల ముందు నేను చాలాసేపు కదల్లేదు. లేత ఆకుపచ్చ ఛాయ, చేతికి తగిలే నునుపు నాకు కొత్తగా అనిపించలేదు. మా ఇంటి అరుగుకు పరిచిన నాపరాయిదీ ఈ నేలే.

ఎత్తిపోతల జలపాతం కూడా దగ్గరే. అక్కడ చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. కింది మడుగులో మొసళ్లుంటాయి. 

నన్ను కట్టిపడేసింది మాత్రం అనుపు. అక్కడి పాత రంగశాలకు నాలుగు వైపులా మెట్లు, నడుమ రంగస్థలం. అక్కడ నిలబడి ఒక్కసారి చప్పట్లు కొడితే పై మెట్టు దాకా స్పష్టంగా వినిపించింది. ఎదురుగా జలాశయం. మా చేలు పచ్చగా ఉండటానికి ఒక నగరం మునిగిందని ఆ మెట్ల మీదే నాకు తెలిసివచ్చింది. అప్పటి నుంచి తడి పెట్టిన ప్రతిసారీ ఆ ఊరు గుర్తొస్తుంది.

సాగర్ అంటే గేట్లు ఎత్తినప్పుడు చూసే వేడుకేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఈసారి వెళ్తే ఒక రోజంతా ఉండండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. అది చూసుకుని బయల్దేరండి. లాంచీ దిగాక అనుపు వెళ్లకుండా మాత్రం తిరిగి రాకండి.