డ్రిల్లు మాస్టారు మారితే...



వార్షికోత్సవ సంచికలో చదువుల గురించి, ర్యాంకుల గురించి, అమ్మ ప్రేమ గురించి రాయడం మన ఆనవాయితీ. అవన్నీ మిగతా మిత్రులు చక్కగా రాస్తారు. మేము మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక విషయం రాయదలచుకున్నాం. ఆట నేర్పే గురువు మారితే, జట్టులోకి వచ్చే పిల్లలు కూడా మారిపోతారు. ఎలాగో చూడండి.

బదిలీల కౌన్సెలింగ్ అయిందంటే ఊళ్ళో అందరూ లెక్కల మాస్టారు ఉన్నారా, ఇంగ్లీషు మాస్టారు వెళ్ళిపోతున్నారా అని అడుగుతారు. డ్రిల్లు మాస్టారి సంగతి ఎవరూ అడగరు. ఆయన వెళితే ఈల ఊదేవాడు వెళ్ళాడు, అంతే అనుకుంటారు. కానీ మన హాస్టల్ పిల్లలకు డ్రిల్లు మాస్టారు ఈల ఒక్కటే కాదు. జిల్లా సెలక్షన్ల దాకా వెళ్ళే దారి మొత్తం ఆయన చేతిలోనే ఉంటుంది.

మేము హైస్కూల్లో చేరినప్పుడు ఉన్న మాస్టారికి కబడ్డీ అంటే ప్రాణం. ఆయన పిల్లల్ని ఎన్నుకునే పద్ధతే వేరు. సాయంత్రం హాస్టల్ దగ్గరికి వచ్చి బోరు పక్కన నిలబడేవారు. నిండు బకెట్ తొణక్కుండా మోసేది ఎవరు, బురదలో జారినా పడకుండా నిలదొక్కుకునేది ఎవరు అని చూసేవారు. "నువ్వు రేపు గ్రౌండుకి రా" అనేవారు. అలా మాలో తొమ్మిది మంది జట్టులోకి వెళ్ళాం. మాకెవరికీ బూట్లు లేవు. కబడ్డీకి బూట్లు అక్కర్లేదు కదా!

ఎన్నుకోవడంతో ఆయన పని అయిపోయేది కాదు. స్కూల్ గేమ్స్ సెలక్షన్లకు వెళ్ళాలంటే అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసు విభాగాలుంటాయి. పుట్టిన తేదీ కాగితం కావాలి, స్టడీ సర్టిఫికెట్ కావాలి, ఫొటోలు కావాలి, హెడ్‌మాస్టారి సంతకం, స్టాంపు కావాలి. ఒక్క కాగితం తక్కువైనా కోర్టు గీత దగ్గర నుంచే వెనక్కి పంపుతారు. మాలో చాలామంది ఇళ్ళల్లో సంతకం చేయడం వచ్చినవారే లేరు. ఈ వ్యాసం రాస్తున్న మేము కూడా మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళమే. ఆ కాగితాలన్నీ మాస్టారే చూసుకునేవారు. ఇళ్ళకు కూడా వెళ్ళేవారు. మాలో ఒకడి తల్లి "ఆటలాడితే కూడొత్తాదేటి మాస్టారూ?" అని అడిగితే, "వస్తాదమ్మా, కొంచెం ఆలస్యంగా వస్తాది. మూడు రోజులు పంపు తల్లీ" అని ఒప్పించి తీసుకెళ్ళారు. ఆ కుర్రాడే మా జట్టులో అందరికంటే మంచి రైడర్.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయనకు బదిలీ అయింది. ఆ ఏడాదంతా పోస్టు ఖాళీ. గ్రౌండు అక్కడే ఉంది, మేమూ అక్కడే ఉన్నాం. రోజూ సాయంత్రం ఆడుకున్నాం కూడా. కానీ సెలక్షన్లు ఎప్పుడో చెప్పేవారు లేరు, ఎంట్రీ ఫారం నింపేవారు లేరు. అవి అయిపోయిన వారం తరువాత పక్క ఊరి పిల్లలు చెబితే తెలిసింది. ఆ మంచి రైడర్‌కు అదే అండర్-17లో చివరి అవకాశం. పదో తరగతి తరువాత వాడు ఇంటివాళ్ళతో చెన్నైకి బిల్డింగు పనికి వెళ్ళాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. స్పోర్ట్స్ కోటాలో సీటో, పోలీసు ఉద్యోగమో వచ్చేదని మేము గట్టిగా చెప్పలేం. అడిగి చూసే అవకాశమే వాడికి లేకుండా పోయింది, అదే మా బాధ.

మరుసటి ఏడు కొత్త మాస్టారు వచ్చారు. ఆయన మంచివారే, కష్టపడేవారే. అయితే ఆయనది పరుగుపందాల కన్ను. వచ్చీరాగానే అందరినీ గ్రౌండు చుట్టూ పది రౌండ్లు తిప్పారు. కబడ్డీలో మేటి అనుకున్నవాళ్ళు ఆరో రౌండుకే కూలబడ్డారు. బక్కగా ఉంటాడని ఏ జట్టులోకీ రాని ఒక తమ్ముడు, రోజూ తోటల్లో పశువుల వెంట తిరిగి పెరిగినవాడు, ఆయాసం లేకుండా పది రౌండ్లూ తిరిగాడు. ఆ ఏడాది మా స్కూలు నుంచి జిల్లాకు వెళ్ళింది వాడే. పాత మాస్టారే ఉంటే వాడు ఈనాటికీ గట్టు మీద చప్పట్లు కొడుతూ ఉండేవాడు.

దీనివల్ల మాకు తెలిసింది ఒకటే. గురువు మారితే కొందరికి తలుపు మూసుకుంటుంది, కొందరికి తెరుచుకుంటుంది. అది సహజం. కానీ గురువే లేని ఏడాది అందరికీ తలుపు మూసుకుంటుంది. మార్పు కంటే ఖాళీ ప్రమాదం.

మన జిల్లాల చరిత్రలోనూ ఇదే కనబడుతుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ప్రపంచానికి బలశాలిగా తెలుసు. ఆయన విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన సంగతి చాలామందికి తెలియదు. అంటే ఆయనా ఒక డ్రిల్లు మాస్టారే!

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి గారు నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం నేర్చుకున్నారు. 1990లో అక్క కృష్ణకుమారి గారు జాతీయ శిబిరంలో ఉంటే, మల్లీశ్వరి గారు ఆమెకు తోడుగా వెళ్ళారట. అక్కడ 1980 మాస్కో ఒలింపిక్స్ స్వర్ణ విజేత లియొనిద్ తరనెంకో ఈమెలోని శక్తిని గుర్తించారని చెబుతారు. తరువాత కథ అందరికీ తెలిసిందే. 1994, 1995లలో ప్రపంచ విజేత. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ మన శ్రీకాకుళం ఆడపడుచే. మొదటి గురువు లేకపోతే ఆమె బార్ పట్టేవారే కాదు. కొత్త కన్ను పడకపోతే అంత త్వరగా వెలుగులోకి వచ్చేవారో లేదో!

ఫుట్‌బాల్‌లో చూస్తే హైదరాబాద్ రహీం సాబ్ గారున్నారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన మీదే. సయ్యద్ అబ్దుల్ రహీం గారు కూడా మొదట బడి పంతులే. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే పేద కుర్రాడి ఆట చూసి రమ్మంటే, రావడానికి డబ్బుల్లేవన్నాడట. అద్దె సైకిలుకు రహీం గారే డబ్బు ఇచ్చారని చెబుతారు. ఆ కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1963లో రహీం గారు కన్నుమూశారు. ఆ తరువాత మన దేశానికి ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం మళ్ళీ రాలేదు. దానికి కారణాలు చాలా ఉండవచ్చు. కానీ సందుల్లో తిరిగి పిల్లల్ని ఏరే కన్ను, అద్దె సైకిలుకు డబ్బు ఇచ్చే చెయ్యి పోయిన లోటు చిన్నదేమీ కాదు.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తేది. అక్కడి కోచ్‌లు కూడా మన పాత మాస్టారిలాగే పిల్లల ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడి జట్టులో చేర్చుకుంటారు. అలబామా యూనివర్సిటీకి 6 జాతీయ టైటిళ్ళు తెచ్చిన నిక్ సబాన్ 2024 జనవరిలో రిటైర్ అయితే, ఆయన్ను నమ్మి చేరిన ఆటగాళ్ళు కొందరు వేరే యూనివర్సిటీలకు మారిపోయారు. అక్కడి నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి. మనకు ఆ వీలెక్కడ? మాస్టారు బదిలీ అయ్యారని మనం టి.సి. తీసుకుని ఆయన వెంట వెళ్ళలేం. హాస్టల్ సీటు ఇక్కడే, అన్నం ఇక్కడే.

అయితే మనకు కొండవెలగాడ ఉంది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని ఆ పల్లెలో బరువులెత్తడం ఒక మాస్టారి పని కాదు, ఊరి అలవాటు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం అందుకున్న మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. మొదట కాంస్యం వచ్చింది. గెలిచిన నైజీరియా క్రీడాకారిణి డోపింగ్‌లో పట్టుబడడంతో అది రజతమైంది. ఆట ఊరిదైతే, ఒక్కరి బదిలీతో ఆగదు.

మన హాస్టల్ కూడా అలాంటి ఊరు కావాలని మా కోరిక. అందుకు పెద్ద ఖర్చు లేదు. ప్రతి ఆటగాడి పేరు, పుట్టిన తేదీ, ఆడిన పోటీలు రాసిన ఒక రిజిస్టరు హాస్టల్‌లోనే ఉండాలి. సర్టిఫికెట్ల జిరాక్సులు ఒక ఫైలులో ఉండాలి. కొత్త మాస్టారు చేరిన రోజే ఆ రెండూ తీసుకెళ్ళి చూపించాలి. ఆయన ఆట వేరైతే భయపడకుండా ఆ ఆటలోకీ దిగి చూడాలి. పోస్టు ఖాళీగా ఉంటే సెలక్షన్ తేదీలు కనుక్కుని వార్డెన్ గారికి చెప్పే పని పదో తరగతి పిల్లలు తీసుకోవాలి. ఇక పూర్వ విద్యార్థులం, పోలీసులో, ఆర్మీలో, రైల్వేలో ఉన్న అన్నలం, సంక్రాంతి సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు రెండు పూటలు ఈ గ్రౌండుకు రావాలి. రిజిస్టరుకు మొదటి పుస్తకం మా బ్యాచ్ తరఫున ఈ వార్షికోత్సవం నాడే వార్డెన్ గారికి అందజేస్తున్నాం.

తమ్ముళ్ళూ, ఆ పుస్తకంలో మొదటి పేజీ ఖాళీగా ఉంది. పేర్లు రాయండి.