ముందు పెట్టె మూయండి

మౌలాలిలో పశువుల డాక్టరంటే పొద్దున లేస్తే కుక్కలకు టీకాలు, పిల్లులకు విరేచనాలు, బక్రీద్ ముందు మేకలకు కడుపుబ్బరం. అడవి జంతువుతో నాకు పని పడకూడదు. అయినా పడుతూనే ఉంటుంది. చుట్టూ కాలనీలు, రైల్వే షెడ్లు, కార్ఖానాలు ఎన్ని లేచినా దర్గా గుట్ట మాత్రం ఉన్నచోటనే ఉంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి అది. బండల సందుల్లో పాములున్నాయి, ఉడుములున్నాయి, ముంగిసలున్నాయి. మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడల మీద గద్దలు తిరుగుతాయి. పాత రైల్వే క్వార్టర్ల వెంటిలేటర్లలో గుడ్లగూబలు కాపురం పెడతాయి. వీటిలో దేనికి దెబ్బ తగిలినా, చూసినవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది వీధి చివర బోర్డున్న డాక్టరే.

సంక్రాంతి గద్దల సీజన్. పతంగులు ఎగరేసే ఆ మూడు రోజులే కాదు, తర్వాత కూడా. తెగిన మాంజా వేపచెట్లకు, కరెంటు తీగలకు, సెల్ టవర్లకు చుట్టుకుని నెలల తరబడి వేలాడుతుంది. నూలు దారమైతే ఎండకు, వానకు చీకిపోయేది. నైలాన్ చీకదు. ఈ నైలాన్ మాంజాను తెలంగాణ ప్రభుత్వం 2016లోనే నిషేధించింది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా వద్దంది. దొంగచాటుగా అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు, కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు.

ఒక జనవరిలో మల్లాపూర్ లేత్ షాపులో పనిచేసే కుర్రాడు ప్లాస్టిక్ బకెట్ మీద తన చొక్కా కప్పి తెచ్చాడు. ఒంటి మీద బనియనే. లోపల నల్లగద్ద, రెక్కకు మాంజా. దారాన్ని లాగలేదు, రెండు వైపులా జానెడు వదిలి కత్తిరించాడు. నీళ్లు పట్టలేదు. చొక్కా తీసి చూడలేదు. దొరికిన గంటలోపే వచ్చాడు.

"ఎవరు నేర్పిండ్రురా నీకు?" అన్నాను.

"ఎవ్వలు నేర్పలే సార్. దాని కండ్లు జూస్తే భయమైంది. అందుకే కప్పిన."

ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఇదే. గాయపడ్డ అడవి ప్రాణికి భయపడ్డవాడు చేసే మేలు ప్రేమించినవాడు చేయలేడు. భయపడ్డవాడు కప్పేస్తాడు, దూరం జరుగుతాడు, తెలిసినవాళ్ల కోసం పరుగెత్తుతాడు. ప్రేమించినవాడు ఒళ్లో పెట్టుకుంటాడు, నిమురుతాడు, పాలు పడతాడు.

పక్షుల రెక్కకు భుజం నుంచి మణికట్టు దాకా ముందంచున పల్చటి చర్మపు పొర ఉంటుంది. ఆ అంచులోనే రెక్కను చాచి ఉంచే స్నాయువు సాగుతుంది. మాంజా సాధారణంగా కోసేది అక్కడే. దారం పట్టుకుని లాగితే సగం తెగింది పూర్తిగా తెగుతుంది. ఆ కుర్రాడు లాగలేదు కాబట్టి, నాకు కుట్టడానికి ఏదో ఒకటి మిగిలింది.

హెచ్.బి. కాలనీ నుంచి వచ్చిన ఒక పెద్దామెది ఇంకో కథ. ఎండాకాలంలో బాల్కనీలో పడిన గుడ్లగూబను ఆమె పసిబిడ్డలా చూసుకుంది. ఇంక్ ఫిల్లర్‌తో గ్లూకోజు నీళ్లు, కొంచెం పాలు, మూడు పూటలా. "తాగింది సారూ, మంచిగనే తాగింది, మల్ల గురక బెడుతున్నది" అంది. అది గురక కాదు. పక్షికి గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే, నోరు తెరిస్తే కనిపించేంత పైన ఉంటుంది. అలవాటు లేని చేయి పోసిన నీళ్లు చాలాసార్లు కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పైగా గద్దలు, గుడ్లగూబలు తమకు కావలసిన తడిలో చాలా భాగం తినే ఎలుకలోనుంచే తీసుకుంటాయి. మనకు దాహం కనిపిస్తున్న చోట దానికున్నది షాక్. ఆ పక్షి బతకలేదు. ఆ అమ్మకు నేను ఈ వివరమంతా చెప్పలేదు. ఎండదెబ్బ గట్టిగా తగిలిందమ్మా అన్నాను. అదీ అబద్ధమేం కాదు.

పాలు పక్షులకు అసలే పడవు. మన ఇంట్లో ఉండే నొప్పి మాత్రలూ వద్దు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి, ఈ దేశంలో ఆ జాతిని దాదాపు తుడిచిపెట్టింది. అందుకే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. విరిగిన రెక్కను ఇంట్లో కడగడం కూడా ప్రమాదమే. చాలా పక్షులకు దండ ఎముక బోలుగా ఉండి గాలితిత్తులతో కలిసి ఉంటుంది. ఆ గాయంలో నీళ్లు పోస్తే ఊపిరిలో పోసినట్టే.

మరి ఏం చేయాలి? అట్టపెట్టె తీసుకోండి. పక్కలకు నాలుగైదు బెజ్జాలు పెట్టండి. అడుగున పాత తువ్వాలు వేయండి. ఇంకో తువ్వాలు పక్షి మీద తల కప్పేలా వేసి, రెక్కలు ఒంటికి ఆనేట్టు పట్టుకుని, లోపల పెట్టి మూయండి. గద్దతో, గుడ్లగూబతో భయపడాల్సింది ముక్కుకు కాదు, కాళ్లకు. ఆ గోళ్లు అరచేతిలో దిగితే నా సాయం మీకే కావాలి. ఇనప పంజరం వద్దు, కొట్టుకుని ఈకలు విరగ్గొట్టుకుంటుంది. చీకట్లో గుండె వేగం తగ్గుతుంది, రక్తం పోవడం తగ్గుతుంది. పిల్లలకు చూపించడానికో వాట్సాప్‌లో పెట్టడానికో పెట్టె తెరిచిన ప్రతిసారీ పక్షి భయం మళ్లీ మొదటికొస్తుంది. దానికి మనం డాక్టరూ కాదు, దాతా కాదు. వేటాడే జంతువులం, అంతే. మే నెలలో ఆ పెట్టెను ఆపిన కారులో వదిలి మీరు చాయ్ తాగి రావద్దని వేరే చెప్పనక్కర్లేదు, కానీ చెప్పాల్సి వస్తోంది.

నా దగ్గరికొచ్చే 'గాయపడ్డ' పిల్లపక్షుల్లో చాలావాటికి ఏ గాయమూ ఉండదు. ఒంటినిండా ఈకలొచ్చి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతున్న గోరింక పిల్ల తప్పిపోలేదు. ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి పక్కనే తీగ మీద కూర్చుని అరుస్తోంది. మన పిల్లలు ఆ అరుపు వినరు, పిల్లను ఎత్తుకొస్తారు. మనిషి వాసన తగిలితే తల్లి రానివ్వదనే మాటలో నిజం లేదు. ఈకలు రాని పచ్చిపిల్లయితే గూట్లో తిరిగి పెట్టండి. ఈకలొచ్చినదైతే దగ్గర్లో ఒక కొమ్మ మీద పెట్టి, కుక్కలు, పిల్లులు రాకుండా దూరం నుంచి చూడండి. పిల్లి నోట పడిందయితే మాత్రం చుక్క రక్తం కనిపించకపోయినా వెంటనే తీసుకురండి. పిల్లి పంటి మీది బాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే పిట్టను చంపేస్తుంది.

పామును మాత్రం నా దగ్గరికి తేవద్దు. నిజంగా. పునాదులు తవ్వుతుంటే జేసీబీ పంటికి తగిలిన నాగుపామును సిమెంటు సంచిలో వేసుకుని బైకు మీద, ఇద్దరి మధ్య పెట్టుకుని వచ్చినవాళ్లను చూశాను. ఈ నగరంలో ఆ పనికి 1995 నుంచి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది. అటవీశాఖతో కలిసి బౌరంపేటలో పాముల పునరావాస కేంద్రం నడుపుతోంది. వాళ్లు వచ్చేదాకా పదడుగుల దూరంలో నిలబడి, అది ఎటు పోతోందో చూస్తూ ఉండటమే మీ వంతు. చచ్చిందనుకున్న పామును కూడా ముట్టకండి. తెగిన తల కూడా కాసేపటిదాకా కాటేయగలదు. తోట వలలో చిక్కుకున్న జెర్రిపోతును చూసి జాలిపడి వల లాగితే పొలుసుల కింద ఇంకా దిగుతుంది. ఇక నాగులపంచమికి బుట్టల్లో వచ్చే పాములు దేవుడి ప్రతినిధులేం కావు. కోరలు పీకి, కొన్నిసార్లు నోరే కుట్టేసి, పాలు తాగాలని రోజుల తరబడి ఎండగట్టినవి. దాహానికి తాగిన ఆ పాలే చివరికి వాటి ప్రాణం తీస్తాయి. దక్షిణ ఇవ్వడం మాని పోలీసులకో అటవీశాఖకో ఫోన్ చేస్తే అదే ఆ పాముకు పంచమి.

కోతి ఇంకో సమస్య. కరెంటు తీగ తగిలి పడిన కోతిని ముట్టుకునే ముందు కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పి సరఫరా ఆపించాలి. అది కదలకపోయినా చుట్టూ గుంపు ఉంటుంది, మీద పడుతుంది. కోతి గానీ, ముంగిస గానీ, గబ్బిలం గానీ కరిచినా రక్కినా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక నాకే కాదు, ఏ డాక్టరుకూ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

"కేసు అయితదా సార్?" అనే భయంతో జంతువును అక్కడే వదిలేసి పోయేవాళ్లున్నారు. అదే భయంతో దాచిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది మీ చేతికి వస్తే 48 గంటల్లో పోలీసు స్టేషన్‌కో అధీకృత అధికారికో తెలపాలి. ప్రాణం కాపాడి కబురు చేసినవాడికి భయం అక్కర్లేదు. పెట్టె మూసి ఫోన్ చేసినవాడు సాయం చేసినవాడు, బాగయ్యాక మావాడితో ఆడుకుంటుందిలే అని ఉంచుకున్నవాడు నేరం చేసినవాడు. రామచిలుకకూ ఇదే వర్తిస్తుందంటే మా వీధిలో చాలామందికి కోపం వస్తుంది. నేను కూడా రక్తం ఆపి, కట్టు కట్టి, అటవీశాఖకు అప్పగించాల్సినవాణ్నే. అక్కడి నుంచి నెహ్రూ జంతు ప్రదర్శనశాలకో, బ్లూక్రాస్ వంటి సంస్థలకో వెళ్తాయి.

లేత్ షాపు గద్ద కూడా అలాగే వెళ్లింది. కుర్రాడు మాత్రం అడగాల్సిన ప్రశ్న అడిగాడు: "మల్ల ఎగురుతదా?" కుట్లు నిలిచి, రెక్క పూర్తిగా చాచగలిగి, తన తిండి తాను పట్టుకోగలిగితే ఎగురుతుంది. రెక్క ఎముక కీలు దగ్గర ముక్కలైన గద్ద ఎగరదు. అలాంటిదాన్ని ఏళ్ల తరబడి పంజరంలో ఉంచడం కంటే నొప్పి లేకుండా నిద్రపుచ్చడమే నయమని నా అభిప్రాయం. చాలామంది ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడం తప్పు కూడా కాదు.

బాగయ్యేవాటి కోసం ఒక మాట చెప్పాలి. పెట్టె మీద స్కెచ్ పెన్నుతో దొరికిన చోటు, తేదీ, టైము రాయండి. పెద్ద పక్షికి తన గూడు, తన జోడు, తన ఇలాకా ఉంటాయి. దాన్ని వదలాల్సింది అక్కడే. 'నాచారం దగ్గర' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'నాచారం పెద్ద చెరువు కట్ట, గుడి వైపు నుంచి మూడో లైటు స్తంభం' అని రాసి తెచ్చిన ఆటో డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ఆయన తెచ్చిన గుడ్లగూబను కోలుకున్నాక వదలడానికి వెళ్లినప్పుడు స్తంభం వెతుక్కునే పని లేకపోయింది.