పోయకపోతే తోచదు

సికిందరాబాదుకి చలి వచ్చిందంటే మారేడుపల్లి నుంచి తిరుమలగిరి దాకా కుండీల్లో పెటునియాలూ, ఫ్లాక్సులూ, బంతులూ తలలూపుతాయి. 1806లో సికిందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటు ఊళ్ళో తెల్లదొరలు వెళ్ళిపోయినా, ఆ పూలమీద మోజు మాత్రం పోలేదు!

ఈ ఏడు మా పొరుగింటి పిన్నిగారి పెటునియాలు దిగులు పడ్డాయి. అడుగు ఆకులు పసుపు, కాడలు మెత్తన. "దాహమేమోనే అమ్మాయీ" అంటూ ఆవిడ రెండు పూటలా చెంబులు కుమ్మరిస్తున్నారు. వేసవిలో అయితే సరే. డిసెంబరులో మట్టి తొందరగా ఆరదు. నీళ్ళు నిలిస్తే వేళ్ళకి ఊపిరాడదు, కుళ్ళిపోతాయి. మట్టిలో వేలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయాలి. అదీ పొద్దున్నే, మొదట్లోనే.

ఆకు ముడుచుకుని జిగురుగా ఉంటే పేనుబంక. వేపనూనెలో కాస్త సబ్బునీళ్ళు కలిపి చల్లితే సరి. బూడిద చల్లినట్టుంటే ఆ ఆకులు తుంచేసి, మొక్కల మధ్య గాలి ఆడనివ్వాలి.

అంతా విని పిన్నిగారు, "పిల్లలు ముగ్గురూ అమెరికాలోనాయె. పూటపూటా ఎవరికో ఒకరికి పెట్టకపోతే నాకు తోచదే" అన్నారు.

దానికి మందేదీ? ధనుర్మాసం కదా, గొబ్బెమ్మలకి పూలు కావాలి, రోజూ కోసిపెట్టమన్నాను. బంతి కోసేకొద్దీ పూస్తుందిగా!