బంతిపూల పుట్టింటి నుంచి

అట్లిస్కో, అక్టోబరు 30

అక్కా,

మన గుమ్మాలకు తోరణమై, గొబ్బెమ్మల తలకెక్కే బంతికి పుట్టిల్లు ఈ మెక్సికోనే. ఇక్కడ దాని పేరు సెంపాసూచిల్. అజ్టెక్‌ల నవాట్ల్ భాషలో ‘ఇరవై పూలు’ అని అర్థం. రేకులు లెక్కపెట్టలేక ఇరవై దగ్గర ఆపేశారేమో!

పొపొకాతెపెత్ల్ అగ్నిపర్వతం నీడన ఊరి చుట్టూ బంతి తోటలే. మోపులు మోపులుగా కోసి లారీలకెక్కిస్తున్నారు. ఈ పూలన్నీ పోయినవాళ్ల పండుగ కోసం. నవంబరు 1న పసిపిల్లలు, 2న పెద్దవాళ్లు ఇంటికొచ్చి వెళతారని వీళ్ల నమ్మకం. దారి తప్పకుండా వీధి నుంచి గదిలోకి రేకులు చల్లుతారు.

వాళ్ల కోసం అలంకరించే పీఠాన్ని ‘ఒఫ్రెండా’ అంటారు. దాని మీద గ్లాసెడు నీళ్లు తప్పనిసరి. అంత దూరం నుంచి వచ్చేవాళ్లకు దాహం వేయదూ! ఉప్పు, కొవ్వొత్తులు, మన సాంబ్రాణి లాంటి కొపాల్ ధూపం, పైన పిండితోనే చేసిన ఎముకలు అతికించిన తీపి రొట్టె. ఇక పోయిన మనిషికి ఏది ఇష్టమైతే అది: మోలే కూర, బీరు, సిగరెట్లు. తాతయ్య తద్దినంనాడు విస్తరి పక్కన చుట్ట పెడితే మన పంతులుగారు ఊరుకుంటారా?

వాకెచూలా, నవంబరు 1

అక్కా,

ఈ ఊరి పద్ధతే వేరు. ఆ ఏడాది ఎవరైనా పోయిన ఇంట్లో పెద్ద పీఠం లేస్తుంది. నేల నుంచి పైకప్పు దాకా అంతస్తులు, నిండా తెల్లటి శాటిన్ కుచ్చులు, కొసన శిలువ, అడుగున ఏడుస్తున్న పిల్లల బొమ్మలు. పోయినవారి ఫొటోను సూటిగా చూపరు. అద్దం ముందు పెడతారు. ముఖం అందులోనే కనిపిస్తుంది. కట్టేది ఆ పని నేర్చిన ఊరివాళ్లే.

ఖర్చు ఎక్కువే. అప్పుచేసైనా కట్టాలా అనిపిస్తుంది. కానీ తలుపులు బార్లా తెరిచి, ముక్కూమొహం తెలియనివాళ్లను కూడా కూర్చోబెట్టి వేడి చాక్లెట్, రొట్టె పెడుతుంటే ఆ ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది. వచ్చినవాళ్లు కొవ్వొత్తి ఇస్తే చాలు.

మెక్సికో సిటీ, నవంబరు 3

అక్కా,

రాజధానిలో ఈ పండుగకు జరిగే పుర్రె వేషాల ఊరేగింపుకు పెద్ద పేరు. అది పాతకాలపు ఆచారమేమీ కాదు. 2015 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘స్పెక్టర్’ కోసం కల్పించిన దృశ్యం చూసి, 2016లో నగరమే నిజంగా మొదలుపెట్టింది. యునెస్కో ఈ పండుగను తన జాబితాలో చేర్చింది అంతకు ఎనిమిదేళ్ల ముందే, 2008లో. అసలు పండుగ ఇళ్లలోనే ఉంది.

బంతి విత్తనాలు తెమ్మన్నావు. సరైన పత్రాలు లేకుండా విమానంలో తేనివ్వరు.