మా అభిమాన దళము

సాయంకాలం వేళ వసతిగృహం ముందునుంచి నడిచి వెళ్ళేటప్పుడు మా విద్యార్థుల వాదోపవాదాలు చెవిని పడుతూ ఉంటాయి. ఒకరు ఇంగ్లండు బృందమే గొప్పదంటారు, మరొకరు హైదరాబాదు కుర్రవాళ్ళ ‘చౌరస్తా’ బృందానికి సాటి లేదంటారు. గిటారు వాయించేది ఎవరు, పాట కట్టింది ఎవరు, సినిమా కంపెనీల అండ లేకుండా స్వతంత్రంగా నిలబడింది ఎవరు అన్నవి వారి చర్చలోని అంశాలు. క్రిందటి సంవత్సరం వార్షికోత్సవ సన్నాహాల సందర్భంగా వారిలో ఒకరు మమ్మల్ని ఆపి, “సార్, మీకు అభిమాన బ్యాండు ఏదైనా ఉందా?” అని అడిగారు. మేము నవ్వి ఊరుకున్నాము. తెలుగు పాఠం చెప్పే వానికి బ్యాండు ఏమిటి అనుకొని వారూ నవ్వుకొని ఉంటారు. ఆనాడు చెప్పని జవాబును ఈ సంచికలో చెప్పుకొనుటకు సంపాదకవర్గం అవకాశమిచ్చింది.

మాకు అభిమాన బృందం ఒకటున్నది. అందులో సభ్యులు ముగ్గురే. వాద్యాలు ఒక తంబురా, రెండు డక్కీలు. నాయకుని పేరు షేక్ నాజర్. 1920 ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో ఒక పేద దూదేకుల కుటుంబంలో పుట్టి, బుర్రకథను తెలుగునేల నలుమూలలా వినిపించి, 1986లో పద్మశ్రీ గౌరవాన్ని అందుకొని, 1997 ఫిబ్రవరి 22న కన్నుమూసిన కళాకారుడాయన. ఆయనను మేము కండ్లారా చూడలేదు. ఆయన వెళ్ళిపోయేనాటికి మేము ప్రాథమిక పాఠశాలలో ఎక్కాలు వల్లించే వయసులో ఉన్నాము. అయినా ఆ కంఠం మా ఇంటి మనిషి కంఠమే.

బందరు కాలువ ప్రక్కన ఒక చిన్న పల్లె మాది. మా తాతగారు దూదేకేవారు. పరుపులు, దిండ్లు కుట్టి ఊరూరా తిరిగి అమ్మేవారు. ఆయన ఏకుడువిల్లు నారి మీటినప్పుడు వచ్చే గంభీరమైన మ్రోత మా బాల్యానికంతటికీ శ్రుతి. పని ముగిసిన తరువాత ఒంటినిండా అంటుకొన్న దూది దులుపుకొని, అరుగుమీద ట్రాన్సిస్టరు పెట్టుకొని కూర్చునేవారు. 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి మా వంటి పల్లెలకు బడి, గుడి, మసీదు తరువాత నాలుగవ సంస్థ వంటిది. అందులో బుర్రకథ వచ్చే రోజున ఆయన ఇంట్లో ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కారు. తాము పడుచుతనంలో ఒక ఊరి చివర పొలంలో గడ్డి పరచుకొని తెల్లవార్లూ నాజర్ గారి కథ విన్నామనీ, ఎద్దులబండ్లు కట్టుకొని వచ్చిన జనం చలికి వణుకుతూ కూడా కదలలేదనీ చెప్పేవారు. చివరకు తప్పకుండా ఒక మాట అనేవారు: “మన వాడురా అబ్బాయీ!” ఆ మాటలోని గర్వం మాకు ఆనాడు బోధపడలేదు.

ఈనాటి యువకులు తమ అభిమాన బృందాన్ని ఎంత శ్రద్ధగా వింటారో, మేము బుర్రకథను అంత శ్రద్ధగా విన్నాము. నడుమ కథకుడు. అతని భుజాన తంబురా, బొటనవ్రేలికి అందె, కాళ్ళకు గజ్జెలు. ఇరుప్రక్కలా ఇద్దరు వంతలు. వారిలో ఒకడు హాస్యగాడు, మరొకడు రాజకీయం చెప్పేవాడు. కథకుడు నడిపే కథ పన్నెండవ శతాబ్దపు పల్నాటిదైనా కావచ్చు, 1757 నాటి బొబ్బిలిదైనా కావచ్చు. రాజకీయపు వంత మధ్యలో అడ్డుతగిలి ఆ కథను నేటి ధరలకూ, పన్నులకూ ముడివేస్తాడు. హాస్యగాడు ఏడిపించబోయే ఘట్టానికి ముందు ఒకసారి నవ్విస్తాడు. నవ్వుతో తెరుచుకొన్న మనస్సులోనికి దుఃఖం సూటిగా దిగుతుంది. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు తాళం తప్పినా కథ కూలిపోతుంది. ఒకరి ఊపిరి మరొకరు అందుకొనే ఈ కూర్పు కంటె వేరైనదేమీ ఏ గిటారు బృందంలోనూ మాకు కనిపించలేదు.

పూర్వం జంగం కథగా ఉన్న ఈ కళకు 1940ల దశకంలో కొత్త ప్రాణం వచ్చింది. 1943లో బెంగాలులో కరువు వచ్చి లక్షలాది జనం ఆకలితో చనిపోయిన కాలంలో, ప్రజానాట్యమండలి కళాకారులు ఆ కష్టాన్ని తెలుగు పల్లెలకు తెలియజేశారు. నాజర్ గారు ‘బెంగాలు కరువు’ను బుర్రకథగా చెప్పారు. ఎన్నడూ బెంగాలు చూడని రైతుకూలీలు ఎక్కడివారి ఆకలికో కన్నీరు పెట్టుకొన్నారు. పాలకులకు ఈ కళ కంటగింపై, నిషేధాలు కూడా విధించారు. మూడు వాద్యాలను చూసి ప్రభుత్వం భయపడిందంటే ఆ కళకు అంతకు మించిన యోగ్యతాపత్రం వేరొకటి కావాలా? అటు తరువాత సినిమావారే ఆయన దళాన్ని పిలిచి ‘అగ్గిరాముడు’ చిత్రంలో అల్లూరి సీతారామరాజు కథ చెప్పించుకొన్నారు. ఆ చిత్రం 1954లో వచ్చింది. పొన్నెకల్లు కంఠం నేటికీ సజీవంగా నిలిచి ఉన్న చోటు అది. విద్యార్థులు తమ చరవాణిలో ఐదు నిమిషాలు వెచ్చించి విని చూడవచ్చును.

ఇంతవరకు చెప్పింది అభిమానం. ఇక చెప్పవలసింది మా సిగ్గు.

ఎమ్.ఏ. చదువుటకు విశ్వవిద్యాలయంలో చేరిన తొలి దినాల్లోనే మా పేరు విన్న వారందరి నోటా ఒకే ప్రశ్న వచ్చేది: “తురకలు కదా, మీకు తెలుగు ఎలా వచ్చింది?” పుట్టి మాటలు నేర్చిన భాషను గురించి అలా అడిగితే ఏమని చెప్పగలము? ఒకనాటి రాత్రి వసతిగృహంలో ఇద్దరు మిత్రులు తగవులాడుకొంటూ, ఒకడు రెండవవానిని ‘పింజారీ’ అని తిట్టాడు. వారికి అది నీచుడని చెప్పే ఒక తిట్టు మాత్రమే. మాకది మా తాతగారి వృత్తి, మా కులం, మా అరుగుమీది దూది. మేము ఆ మాట విని మౌనం వహించాము. అంతేకాదు, అందరూ నవ్వినప్పుడు మేము కూడా నవ్వాము. మరుసటి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాతగారి ముఖంలోకి సూటిగా చూడలేకపోయాము.

ఆ సంవత్సరమే గ్రంథాలయంలో నాజర్ గారి ఆత్మకథ మా చేతికి చిక్కింది. అట్టమీది పేరు చూసి కొంతసేపు నిలబడిపోయాము. ఆ పుస్తకం పేరు ‘పింజారి’. లోకం తిట్టుగా వాడుకొనే మాటను ఆయన తన జీవితానికి శీర్షికగా పెట్టుకొన్నారు. దాచుకోలేదు, క్షమాపణ కోరలేదు, కోపగించుకోనూ లేదు. ఇది నా పేరు, నేను చేసిన పని ఇది, ఇక మీరే తూకం వేసుకొనండి అన్నట్లుగా మా కళ్ళముందు నిలిపారు. మా తాతగారి “మన వాడురా” అన్న మాటకు అర్థం ఆనాడు తెలిసింది. మరుసటి వారం తరగతిలో జానపద కళలపై వ్యాసం చదవవలసి వచ్చినప్పుడు, “మేము పింజారుల బిడ్డలము” అని మొదలుపెట్టి నాజర్ గారిని గురించి చదివాము. గొంతు వణికిన మాట వాస్తవం. తిట్టిన మిత్రుడు ఆ రాత్రి మా గదికి వచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని వెళ్ళాడు. అతడు నేటికీ మా ఆప్తమిత్రుడే.

అయితే ప్రశ్న ఒక ప్రక్కనుంచి మాత్రమే రాదు. పెండ్లిండ్లలో కలిసే బంధువులు కొందరు, “ముసల్మానువై ఉండి ఉర్దూ రాకపోవడమేమిటి?” అని జాలిపడతారు. మా కళాశాలలో ఉర్దూ శాఖ గది నుంచి గజల్ వినవచ్చినప్పుడు ఆ భాష అందానికి మేమూ ముగ్ధులమవుతాము, ఇంతకుముందే నేర్చుకోనందుకు చింతిస్తాము. కాని తెలుగు మాట్లాడినందువల్ల మా విశ్వాసంలో ఒక్క పాలు తరిగిందని అనుకోము. పిఠాపురంలో ఉమర్ ఆలీషా కవి తెలుగు పద్యం వ్రాశారు. ప్రకాశం జిల్లా కరవదికి చెందిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం దేవాలయాలలో మ్రోగింది. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక్క పంక్తిన కూర్చోబెట్టిన చాపకూడు ఘట్టం ఉన్న పల్నాటి కథను చెప్పి ఊళ్ళను మెప్పించినవాడు షేక్ నాజర్. ఈ నేల వారిని పరాయివారని అనలేదు. వారూ అనుకోలేదు.

నాజర్ గారి శతజయంతి 2020లో వచ్చింది. ఆ సంవత్సరమే కరోనా వచ్చి సభలన్నీ మూతపడ్డాయి. ఆ దినాల్లో చౌరస్తా బృందంవారు వ్యాధి సోకకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను పాటగా కట్టి వినిపించారు. ఆ పాట విన్నప్పుడు మాకు బెంగాలు కరువు కథ గుర్తుకు వచ్చింది. ఆపద వచ్చినప్పుడు జనానికి అర్థమయ్యే బాణీలో చెప్పేవాడే జనం గాయకుడు. కనుక గిటారు వదిలి తంబురా పట్టండని మేము విద్యార్థులకు ఉపదేశించబోము. మీ బృందానికి ఒక తాతగారు ఉన్నారనీ, ఆయన మన ప్రక్క జిల్లావాడేననీ మాత్రం తెలిసి ఉండాలని కోరుతున్నాము.

ఈ వ్యాసం ముగిస్తున్న సమయంలో మా తలుపు తట్టి ముగ్గురు విద్యార్థులు వచ్చారు. ఇద్దరు తెలుగు శాఖవారు, ఒకరు ఉర్దూ శాఖవారు. ఈ ఏటి వార్షికోత్సవంలో బుర్రకథ చెప్పాలని ఉన్నదనీ, కథ వ్రాసి ఇమ్మనీ అడిగారు. డక్కీ ఎక్కడ దొరుకుతుందో తెలియక ప్రస్తుతానికి బల్లమీద వాయించి చూపారు. తాళం రెండుచోట్ల తప్పింది. హాస్యగాడుగా ఉంటానన్నది ఉర్దూ శాఖ కుర్రవాడు. తన తెలుగు విని జనం నవ్వుతారేమోనని అతనికి సంకోచం. “నవ్వించడమే కదా నాయనా నీ పని!” అన్నాము. కథ వ్రాస్తామని మాట ఇచ్చాము. కళాశాల కమిటీవారు ఒక తంబురా, రెండు డక్కీలు కొనిపెడితే చాలును.