కత్తి పట్టిన బొమ్మ

వార్షిక సంచికకు వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, మా నుండి ప్రబంధాలను గూర్చియో, తెలుగులో కలిసిపోయిన ఉర్దూ పదాలను గూర్చియో నాలుగు పుటలు ఆశించి ఉంటారు. మేము మాత్రం ఒక బొమ్మను గూర్చి వ్రాయదలచాము. గ్రంథానికి సమీక్ష ఉన్నది, చలనచిత్రానికి సమీక్ష ఉన్నది. బొమ్మకు మాత్రం ఎందుకుండరాదు? ఆడపిల్ల చేతికి ఒక సమాజం ఏ బొమ్మను అందిస్తున్నది, ఆ బొమ్మకు ఏ దుస్తులు తొడుగుతున్నది అన్న సంగతి పరికిస్తే, ఆ పిల్ల నుండి ఆ సమాజం ఏమి కోరుతున్నదో తెలిసిపోతుంది. కనుక ఇది పసిపిల్లల ముచ్చట మాత్రమే కాదని మా మనవి.

మా సమీక్షకు పాత్రమైన బొమ్మ పేరు ఇబ్తిహాజ్ ముహమ్మద్. అమెరికాలోని మాటెల్ సంస్థ 'బార్బీ' పేరిట తయారుచేసే బొమ్మలలో ఇది ఒకటి. జీవించి ఉన్న స్త్రీలలో ఏదో ఒక రంగంలో మార్గదర్శకులైన వారి రూపాలతో ఆ సంస్థ 2015లో ప్రారంభించిన 'షీరో' వరుసకు చెందినది. 2017 నవంబరులో ప్రకటించి, 2018లో విక్రయానికి విడుదల చేశారు. అప్పటి వెల సుమారు 30 డాలర్లు. తలకు హిజాబ్ ధరించిన తొలి బార్బీ ఇదే. పిల్లలు ఆడుకొనడం కన్న పెద్దలు కొని భద్రపరచుకొనడమే ఎక్కువగా జరిగే కోవలోనిది.

ఈ బొమ్మ ప్రత్యేకత బోధపడాలంటే దాని వంశచరిత్ర కొంత తెలియాలి. తొలి బార్బీని 1959 మార్చి 9వ తేదీన న్యూయార్క్ నగరంలోని బొమ్మల ప్రదర్శనలో రూత్ హాండ్లర్ అనే మహిళ లోకానికి పరిచయం చేసింది. అప్పటి జర్మనీలో పెద్దలకోసం అమ్ముడవుతున్న 'లిల్లీ' అనే బొమ్మ దానికి ఆధారం. ఎత్తు పదకొండున్నర అంగుళాలు. ఒంటిమీద నలుపు తెలుపు చారల ఈత దుస్తు. వెల 3 డాలర్లు. అసలైన వ్యాపార రహస్యం బొమ్మలో లేదు, దుస్తులలో ఉన్నది. బొమ్మను ఒక్కసారి కొంటారు. దుస్తులను మాత్రం మళ్ళీ మళ్ళీ కొంటారు. షార్లట్ జాన్సన్ అనే రూపకర్త ఆ తొలినాటి దుస్తులను తీర్చిదిద్దగా, జపానులో స్త్రీలు తమ ఇళ్ళలో కూర్చొని వాటిని కుట్టారు. గోరంత జిప్పులు, ఆవగింజలవంటి టిచ్ బటన్లు! వాటిలో అధికభాగం విందులకు, విహారాలకు ధరించేవే. అయినప్పటికీ 1961లో నర్సు దుస్తులు, 1965లో వ్యోమగామి దుస్తులు కూడా వచ్చినవని చెప్పకపోతే అన్యాయమవుతుంది.

ఇక ఇబ్తిహాజ్ కల్పిత పాత్ర కాదు. 1985లో జన్మించి, న్యూజెర్సీ రాష్ట్రంలోని మేపుల్‌వుడ్ పట్టణంలో పెరిగిన నల్లజాతి అమెరికన్ మహిళ. ఆమె కథలో దుస్తులకున్న స్థానం గమనింపదగినది. చిన్ననాట ఆమె అనేక క్రీడలలో పాల్గొన్నది. పాల్గొన్న ప్రతిసారీ, జట్టు ఇచ్చిన దుస్తులకు పొడుగు చేతులో, పొడుగు పంట్లామో తల్లి అదనంగా చేర్చవలసి వచ్చేది. జట్టులో ఉన్నా జట్టువారివలె కనబడని పిల్ల మనస్సు ఎట్లుంటుందో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒకనాడు తల్లి కారులో వెళ్తూ ఉన్నత పాఠశాలలో ఫెన్సింగ్, అనగా కత్తియుద్ధపు క్రీడ, సాధన చేస్తున్న పిల్లలను చూచింది. మెడనుండి పాదాలవరకు అందరికీ ఒకే తెల్లని దుస్తులు. ముఖాలకు జాలీ కవచాలు. ఈ ఆటలో తన కుమార్తె దుస్తులకు ఏదీ చేర్చనక్కరలేదని ఆ తల్లి గ్రహించింది. ఆ విధంగా పదమూడేళ్ళ వయస్సులో కత్తి పట్టిన బాలిక 2016 రియో ఒలింపిక్స్‌లో హిజాబ్ ధరించి పోటీచేసిన తొలి అమెరికన్ మహిళ అయింది. సేబర్ జట్టు పోటీలో ఇటలీని ఓడించి కాంస్య పతకం గెలిచిన నలుగురిలో ఒకతె అయింది.

అమెరికాలో స్థిరపడిన మా పినతండ్రి కుమారుడు గత వేసవిలో సెలవులకు వస్తూ, తొమ్మిదేళ్ళ మా మేనకోడలికి ఈ బొమ్మను తెచ్చాడు. మా చెల్లెలు దానిని అద్దాల బీరువాలో పింగాణీ కప్పుల ప్రక్కన, పెట్టె విప్పకుండానే నిలబెట్టింది. "భాయిజాన్, పెట్టె తెరిస్తే దీని విలువ పోతుందట" అని మాతో గంభీరంగా చెప్పింది. ఆమె మాటలో అసత్యం లేదు. సేకరణ బొమ్మల విపణిలో నీతి అదే. కొన్ని రకాలను ఇన్ని మాత్రమే చేస్తామని సంస్థలు ముందుగానే ప్రకటిస్తాయి. ప్రతిదానితోను ధ్రువపత్రం జతచేస్తాయి. ఆపైన పెట్టె తెరవనిదానికి ఒక ధర, తెరచినదానికి అంతకంటె తక్కువ ధర పలుకుతుంది. అనగా పసిచేయి ఎంత తక్కువ తగిలితే బొమ్మ అంత విలువైనదన్నమాట! మా మేనకోడలు ప్రతిదినం బీరువా ముందు నిలబడి చూచేది. ఒకనాడు, "మామూ, ఈమె కత్తి పట్టుకొని ఎవరితో పోట్లాడుతుంది? పెట్టెతోనా?" అని అడిగింది. అలంకార శాస్త్రం ఇన్నేళ్ళుగా బోధిస్తున్న మాకు ఆ ప్రశ్నకు సమాధానం దొరకలేదు.

ఇంటి వివాదాన్ని తీర్చినది మా తల్లిగారు. ఆమె ముప్పది సంవత్సరాలు కుట్టుయంత్రం త్రొక్కి మమ్మల్ని చదివించిన మనిషి. దుస్తులను పెట్టెలోనుండి చూచి మెచ్చుకొనడం ఆమెకు చేతకాదు. కత్తెర తెప్పించి, పెట్టె విప్పి, బొమ్మను ఒడిలోనికి తీసుకొని, కళ్ళజోడు సవరించుకొని, కుట్టు కుట్టు పరీక్షించసాగింది. ఈ సమీక్షలోని సాంకేతిక భాగం ఆమెదే. వ్రాత మాత్రమే మాది.

ఆమె మొదట చెప్పినది బట్టను గూర్చి. మనిషిని ఆరోవంతుకు కుదించి బొమ్మను చేయవచ్చును. కానీ నూలుపోగును ఆరోవంతుకు కుదించలేము. అందువలన బొమ్మ దుస్తులు ఎంత నేర్పుతో కుట్టినా కొంత బిరుసుగా నిలుస్తాయి. మడతలు ఒంటిని అనుసరించి జారవు. తలగుడ్డ విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. బట్ట మందమైతే తల గుమ్మడికాయవలె కనబడుతుంది; పలుచనైతే నిలువదు. ఈ బొమ్మ హిజాబ్ తలను హత్తుకొని, మెడవద్ద ఒదిగి, కత్తి ఝళిపించే మనిషికి అడ్డురాని తీరులో అమరినదని మా తల్లిగారి తీర్పు. "కొలత తెలిసినవాళ్ళు కోసిన గుడ్డ ఇది" అన్నది. ఆమె నోట అంతకుమించిన ప్రశంస మేము వినలేదు.

తెల్లని కోటు, తెల్లని పంట్లాము, చేత సేబర్ కత్తి, వెంట జాలీ ముఖకవచం. ఇదీ బొమ్మ సరంజామా. మెరుపులు లేవు, జరీ లేదు, కుచ్చులు లేవు. సేబర్ క్రీడలో నడుమునుండి పైభాగమే, తలతో సహా, దెబ్బకు లక్ష్యం. అసలు క్రీడాకారులు అందుకే లోహపు పోగులు నేసిన పైకోటు తొడుగుతారు. కత్తి తగిలిన క్షణంలో విద్యుత్ వలయం పూర్తియై దీపం వెలుగుతుంది. అనగా ఆ ఆటలో దుస్తులు కేవలం ఆచ్ఛాదనం కావు. అవి ఆటలో ఒక అంగం. బొమ్మ కాళ్ళు కూడా గమనింపదగినవి. తన రూపంతో బొమ్మ చేస్తామన్నప్పుడు కాళ్ళు క్రీడాకారిణి కాళ్ళవలె దృఢంగా ఉండాలని ఇబ్తిహాజ్ కోరినది. పుల్లలవంటి కాళ్ళకు, చిటికెడు నడుముకు పేరుమోసిన వంశంలో ఇది చిన్న మార్పు కాదు.

సమీక్షకులము గనుక లోపాలు కూడా చెప్పాలి. అసలు ఆటలో ముఖకవచం లేనిదే ఎవరూ కత్తి ఎత్తరాదు. బొమ్మ మాత్రం చక్కగా దిద్దిన కనురెప్పలతో, చిరునవ్వుతో, ముఖం చూపుతూ నిలబడవలసినదే, లేకున్న కొనేవారుండరు. శ్రమించిన ముఖాన చెమట ఉంటుంది; ఈ ముఖాన లేదు. వెల కూడా మన మధ్యతరగతి గృహస్థునకు చిన్నది కాదు. అన్నిటికంటె పెద్ద లోపం, ఆడవలసిన బొమ్మను దాచవలసిన వస్తువుగా మార్చిన ఆ సేకరణ సంప్రదాయమే.

హిజాబ్ ధరించిన బొమ్మలు దీనికి ముందు లేకపోలేదు. 2003లో సిరియా దేశపు సంస్థ ఒకటి 'ఫుల్లా' అనే బొమ్మను తెచ్చింది. ఆ పేరు అరబ్బీలో ఒకరకం మల్లెపూవుకు సంబంధించినది. నల్లని అబాయా, తలగుడ్డతో ఆ బొమ్మ అరబ్బు దేశాలలో విశేషంగా అమ్ముడైనది. రెండింటినీ పోల్చితే మాకు తోచిన భేదం ఇది. ఫుల్లా దుస్తులను చూచినవారికి ఆమె ఎట్టి కుటుంబపు పిల్లయో తెలుస్తుంది. ఇబ్తిహాజ్ దుస్తులను చూచినవారికి ఆమె ఏమి పని చేస్తుందో తెలుస్తుంది. మా తల్లిగారు ఇదే విషయాన్ని తన భాషలో, "ఇది షాదీకి వేసుకొనే జోడా కాదు బేటా, పనిలోకి దిగే జోడా" అన్నది. ఏ దుస్తులనైనా తూచవలసిన తక్కెడ ఇదేనని మా అభిప్రాయం. కప్పినదెంత, కప్పనిదెంత అని కొలిచేవారు రెండువైపులా ఉన్నారు. ధరించిన పిల్ల అందులో ఏమి చేయగలుగుతున్నదని అడిగేవారు తక్కువ.

దుస్తుల నియమం తలుపు తెరవగలదు, మూయగలదు. తలగుడ్డతో ఫుట్‌బాల్ ఆడవచ్చునని అంతర్జాతీయ నియమావళి 2014లోను, బాస్కెట్‌బాల్ ఆడవచ్చునని 2017లోను అంగీకరించాయి. అంతకుముందు ఎందరు బాలికలు మైదానం అంచునుండి ఇంటికి మరలిపోయారో! మరొకవైపు, మన నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ పొట్టి నిక్కరు ధరించి బాక్సింగ్ బరిలో దిగుతున్నదని బంధువర్గం నుండే వచ్చిన ఆక్షేపణలను ఆమె తండ్రి ఎదుర్కొన్నాడు. ఆ అమ్మాయి 2022లోను, 2023లోను ప్రపంచ విజేత అయింది. ఇబ్తిహాజ్ ఆడిన సేబర్ విభాగంలోనే చెన్నైకి చెందిన భవానీదేవి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మనదేశపు తొలి ఫెన్సర్‌గా పోటీచేసింది. ముగ్గురి దుస్తులు ఒకటి కావు. ముగ్గురి శ్రమ ఒకటే. ఒకరి దుస్తులను చూపి మరొకరిని తక్కువచేయడం మా ఉద్దేశం కాదు.

ఇంతదూరం వచ్చి మన కళాశాల మైదానాన్ని ప్రస్తావించకపోతే ఈ వ్యాసం నిష్ప్రయోజనం. ఈ సంవత్సరం క్రీడోత్సవాలకు పేర్లిచ్చిన బాలికలలో ఏడుగురు పోటీనాడు రాలేదు. విచారించగా ఒక్కతె కూడా ఆట ఇష్టం లేక మానలేదు. ఇచ్చిన దుస్తులు పొట్టి చేతులవి, ఇంటివద్ద ఒప్పుకొనలేదు. సొంత దుస్తులతో వస్తే జట్టులో వేరుగా కనబడతామని సంకోచించారు. వారిలో ఒకతె గత సంవత్సరం పరుగుపందెంలో ద్వితీయ స్థానం పొందినది! ఆ పిల్ల తరగతిలో మా ఎదుటనే కూర్చొని చంపకమాల గణాలు చెబుతూ ఉంటుంది. కాళ్ళలోని ఆ వేగం ఏ బీరువాలో ఉన్నదో మాకు తెలియదు.

విద్యార్థినులారా! మీరు ఎట్టి దుస్తులు ధరించాలన్నది మీరు, మీ ఇంటి పెద్దలు ఆలోచించుకొనవలసిన విషయం. మా విన్నపం కళాశాల సంఘం వారికి. రాబోయే సంవత్సరం జట్టు దుస్తులను కొనేటప్పుడు ఒకే రంగు, ఒకే గుర్తుతో రెండు విధాల కత్తిరింపులు, పొట్టిచేతులవి, పొడుగుచేతులవి, చేయించండి. కోరినవారికి అదే బట్టలో తలగుడ్డ కూడా ఇప్పించండి. ఏ పిల్ల ఏది ఎన్నుకొన్నా మైదానంలో అందరూ ఒకే జట్టుగా కనబడతారు. అదనంగా పట్టేది జతకు మూరో, మూరన్నరో బట్ట మాత్రమే. నమూనా జతను ఉచితంగా కత్తిరించి ఇస్తానని మా తల్లిగారు మాట ఇచ్చారు. కొలతలు తీసుకొనేందుకు ఆ ఏడుగురిలో ఒకరిని పంపుతానని వ్యాయామ ఉపాధ్యాయులు కూడా అంగీకరించారు. ఇక సంఘం వారి తీర్మానమే మిగిలి ఉన్నది.