కంకిపాడు కచేరిలో ఒక పగలు

బెజవాడనుండి బందరు పోవు బాటలో సుమారు 15 కిలోమీటర్ల దూరమున కంకిపాడు గలదు. ఈ బాటను నేడు 65వ నంబరు జాతీయ రహదారి యనుచున్నారు గాని మా యింటి పెద్దలకది యెప్పటికిని బందరు రోడ్డే. పటమట దాటి కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు మీదుగా పోవునపుడు ఊరికిని ఊరికిని నడుమ ఎడమే కానరాదు. ఎటు చూచినను ఇండ్లు, కళాశాలలు, విదేశీ విద్యకు దారి చూపెదమను పలకలు. గంగూరు దాటినపిమ్మట గాని పొలముల పచ్చదనము కంట బడదు. 1855లో ముగిసిన ఆనకట్టయు, దాని స్థానమున 1957లో వెలసిన ప్రకాశం బరాజును నీరిచ్చి పెంచిన నేల యిది. 1977లో కానూరున సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల పుట్టిననాటినుండి ఈ బాట పొడుగునను చదువుకొన్న పిల్లలెందరో సముద్రములు దాటిరి. నేల మాత్రమిచ్చటనే యున్నది. దానిని చూచుకొనువారి చేతిలో కాగితముండవలెను గదా! ఆ కాగితము కొరకే మొన్న శ్రావణమున మేము మా వదినగారితోడను, ఆమె కూతురితోడను కంకిపాడు సబ్‌రిజిస్ట్రారు కచేరికి పోయితిమి.

అమ్మాయి భర్త నెదర్లాండ్సు దేశమున ఐండ్‌హోవెన్ పట్టణమున ఉద్యోగి. ఆమె యచటికి పోవుటకు నెలన్నర గడువున్నది. క్రొత్తగా వచ్చి కాపురముండువారి పేరు తమ చిట్టాలో నెక్కించుకొనునపుడు అచ్చటి పురపాలకులు జనన పత్రమును, వివాహ పత్రమును అడుగుదురు. వానిపై ‘అపొస్టిల్’ అను ముద్ర యుండవలెను. 1961లో హేగు నగరమున కుదిరిన యొడంబడిక దీనికి మూలము. ఒక దేశపు ప్రభుత్వము ఈ ముద్ర వేసినచో, ఒడంబడికలోని తక్కిన దేశములు రాయబారి కచేరీల చుట్టు మరల త్రిప్పక ఆ పత్రమును నమ్మును. మన దేశమునకది 2005 జూలై 14 నుండి అమలులోనికి వచ్చినది. మొదట రాష్ట్ర ప్రభుత్వపు శాఖవారు పత్రమును ధ్రువపరుపవలెను. పిమ్మట విదేశాంగ శాఖవారు ముద్ర వేయుదురు.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని కాగితములన్నియు చాపమీద పరచి చూచుసరికి మా అమ్మాయి ముగ్గురైనది! పదవ తరగతి పత్రమున పుట్టినింటి పేరు ఒక పొడి యక్షరము. జనన పత్రమున ఇంటిపేరే లేదు. పేరులో తాతమ్మ పేరు కలిసియున్నది. పాస్‌పోర్టున అత్తవారి యింటిపేరు నిండుగా నున్నది. వివాహముతో ఇంటిపేరు మారని మగవానికి ఈ చిక్కులో సగము లేదు. ఈ మువ్వురు నొక్కరే యని ప్రమాణ పత్రము వ్రాయించి, ముందుగా బెజవాడలో ఒక నోటరీ వద్దకు పోయితిమి.

ఆమెయు స్త్రీయే. 1952 నాటి నోటరీల చట్టము క్రింది నియమముల ప్రకారము వకీలుగా పదియేండ్లు పనిచేసినవారు నోటరీ పదవికి అర్హులట. స్త్రీల కేడేండ్లు చాలునట. మేము ఇంటివద్దనే సంతకము చేయించి తెచ్చిన కాగితమును ఆమె ప్రక్కకు నెట్టి, మరియొక ప్రతిపై తన కన్నులయెదుట సంతకము చేయించినది. అసలు పత్రములన్నియు చూచి, తన రిజిస్టరులో వ్రాసికొని, అచటను అమ్మాయి చేవ్రాలు పుచ్చుకొని, పిమ్మట ముద్ర వేసినది. “మీరు చెప్పినది నిజమని నేను పూచీ పడటంలేదమ్మా. మీరే స్వయంగా వచ్చి నా ఎదుట ప్రమాణం చేశారని మాత్రమే దీని అర్థం” అని చెప్పినది. నోటరీ ముద్ర పడిన యెల్ల మాటయు సత్యమగునని అంతవరకు మేమును తలంచితిమి.

అమ్మాయికి పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన యెకరము పొలము కంకిపాటికి చేరువనే యున్నది. దానికై అన్నగారి పేర అధికార పత్రము, అనగా జనరల్ పవరు, వ్రాయవలెను. అదియు నిచ్చటనే ముగింపుడని యడుగగా ఆమె తల యడ్డముగా నూపినది. ఒకరి మారుగా మరియొకరు దస్తావేజును రిజిస్ట్రీకి దాఖలు చేయుటకు ఇచ్చు అధికారము, ఇచ్చువారు ఈ దేశమున కాపురమున్నంతకాలము, వారుండు చోటి సబ్‌రిజిస్ట్రారు ఎదుటనే వ్రాసి ధ్రువపరుపబడవలెనట. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 33వ సెక్షను మాట యిది. పరదేశమున కాపురము పెట్టినపిమ్మట నైనచో అచ్చటి నోటరీ యెదుటనో, మన కాన్సలు ఎదుటనో వ్రాయవచ్చును. కాని ఆ కాగితము ఇచ్చటికి చేరిన మూడు నెలలలో స్టాంపు వేయింపవలెను. ఇన్ని తిప్పలేల, పోకమునుపే చేయించుట మేలని కంకిపాడు పోయితిమి.

కచేరి దాపున రేకుల నీడలో దస్తావేజు లేఖరి యొకాయన యుండెను. ముందే తయారైయున్న నమూనాలో పేర్లు నింపి, సంతకమునకు చోటు చూపెను. అమ్మాయి కలము పట్టినది. మా వదినగారు ఆ చేయి పట్టుకొని “చదవండి బాబూ, వింటాం” అనిరి. ఆయన గబగబ చదివెను: పన్ను కట్టుటకు, కౌలుకిచ్చుటకు, తాకట్టు పెట్టుటకు, అమ్ముటకు, సొమ్ము పుచ్చుకొనుటకు...

“అమ్మడానికని ఎవరు చెప్పారు?”

“అన్నీ ఇలాగే రాస్తామమ్మా. మళ్ళీ మళ్ళీ రానక్కర లేకుండా.”

అధికారము పుచ్చుకొనువాడు మా వదినగారి సొంత కుమారుడే; ప్రక్కనే నిలుచుండెను. వాని మోము వాడినది. నలుగురిలో తల్లి తన్ను శంకించినదని తోచియుండును. అపుడామె, మేము ముప్పది యేండ్లలో నెన్నడును వినని సంగతి చెప్పిరి. మా అన్నగారి యుద్యోగముతో ఆమె దూరదేశమున నున్న కాలమున, పుట్టినింటివారి కిట్టి కాగితమే వ్రాసి యిచ్చిరట. పొలము చేతులు మారిన రెండేండ్లకు గాని ఆమెకు తెలియలేదట. “వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అవసరం వచ్చింది, కాగితం చేతిలో ఉంది” అని మాత్రము చెప్పి యూరకుండిరి.

“తీసేయించమ్మా. కౌలుకీ పన్నుకీ ఉంటే నాకు చాలు” అని కుమారుడే లేఖరితో చెప్పెను. తాకట్టు, అమ్మకము రెండును కొట్టివేసి కాగితము మరల వ్రాయించితిమి. ఏడాదికి మించిన కౌలు పత్రము రిజిస్టరు కావలెను గనుక ఆ మాట మాత్రముంచితిమి. ఇట్టి యధికారమును ఇచ్చినవారు సాధారణముగా తలచినపుడు రద్దు చేసికొనవచ్చును. వారు మరణించిన నది ముగియును. పవరు కాగితముతో కొన్నంతమాత్రమున పొలము కొన్నవారిది కాదని సుప్రీంకోర్టువారు 2011లో తీర్పు చెప్పియున్నారు. ఐనను చెల్లుబాటగు పవరు పట్టుకొని సక్రమముగా విక్రయ దస్తావేజు వ్రాసి రిజిస్టరు చేసినచో అమ్మకము చెల్లును. మా వదినగారి భయమదియే.

లోపల వంతు వచ్చుసరికి రెండు గంటలు దాటెను. ఎవరో ముదుసలిని కుర్చీతో మోసికొని వచ్చిరి. నడువలేనివారు కచేరికి రానక్కరలేదనియు, అధికారి తానే యింటికి పోయి గాని, కమీషను పంపి గాని విచారింపవలెననియు ఆ చట్టముననే కలదు. ఆ సంగతి వారికి చెప్పిన, “తెలియదమ్మా” అనిరి.

పట్టాదారు పుస్తకమున నున్నది అమ్మాయి పుట్టినింటి పేరు, పాస్‌పోర్టున నున్నది అత్తింటి పేరు గనుక కాగితమున రెండును వ్రాయించితిమి. ఛాయాచిత్రము, వ్రేలిముద్రలు, ఇద్దరు సాక్షులు. అమ్మాయి తెలుగున నిండుగా సంతకము చేసినది.

బయటికి వచ్చి మా వదినగారు అసలు కాగితమును కుమారుని కిచ్చిరి. నకలొకటి అమ్మాయి సంచిలో పెట్టిరి. మరియొకటి మడిచి తమ చేతనే యుంచుకొనిరి. పిమ్మట రోడ్డు ప్రక్క బండిమీది దోసకాయలు బేరమాడుచుండగా బెజవాడ బస్సు వచ్చెను.